ఫ్యాను ఆగిన విమానం

నందిగామలో ఒక పెళ్ళి భోజనాల దగ్గర, పప్పు వడ్డించిన విస్తరి ముందు నుంచి నన్ను లేపేశారు. పద్దెనిమిదేళ్ళయింది. పెళ్ళికూతురి తండ్రి స్వయంగా వచ్చి, నా భుజం మీద రెండు వేళ్ళతో తట్టి, "ఏయ్ స్టూడియో, లెగు లెగు. మగపెళ్ళివాళ్ళు నిలబడున్నారు. నువ్వు లాస్టు బంతిలో తిందువుగాని," అన్నాడు. అప్పటికే నేను ముద్ద కలిపాను. కలిపిన ముద్దను అలాగే వదిలేసి, చెయ్యి కడుక్కుని, కెమెరా మెడలో వేసుకుని, నా జాగాలో కూర్చున్నవాళ్ళు తింటుంటే ఫోటోలు తీశాను. నా విస్తరి తీసెయ్యాలన్న ఓపిక కూడా ఎవరికీ లేదు. దాని మీదే ఇంకో విస్తరి పరిచారు. నేను కలిపిన ముద్ద మీద మగపెళ్ళివారి మేనమామ లడ్డు తిన్నాడు. చివరి బంతి వచ్చేసరికి పప్పు అయిపోయింది.

ఇదంతా ఎందుకంటే, నన్ను విమానాలు చూడటానికి తీసుకెళ్ళింది ఆ పెళ్ళికూతురి తండ్రే.

ఆయనకు నందిగామలో పురుగుమందులు, విత్తనాల షాపు ఉంది. షాపాయన అందాం. ఆయన నన్ను ముప్పై ఏళ్ళుగా స్టూడియో అనే పిలుస్తాడు కాబట్టి లెక్క సరిపోతుంది.

నా స్టూడియో జగ్గయ్యపేట బస్టాండుకు దగ్గర. సిమెంటు ఫ్యాక్టరీల దుమ్మో, లారీల దుమ్మో, పొద్దున తుడిచిన షో అద్దం మధ్యాహ్నానికి బూడిద పూసుకుంటుంది. ఆ అద్దం వెనక ఇన్నేళ్ళూ పెళ్ళికూతుళ్ళనూ, బోర్లాపడ్డ పిల్లలనూ వేలాడదీశాను. వాటిలో నాది ఒక్కటీ లేదు. నొక్కింది నా వేలే. కానీ ఎవరి పక్కన ఎవరు నిలబడాలో, ఎవరిని పక్కకు తప్పించాలో చెప్పింది వాళ్ళు. ఆల్బం చివరి పేజీలో డిజైన్ చేసినవాడి పేరు ఉంటుంది. ఫ్లెక్సీ మూలన ప్రింటు వేసినవాడి పేరూ ఫోన్ నెంబరూ ఉంటాయి. ఫోటో తీసినవాడి పేరు ఎక్కడా ఉండదు. ఒకసారి ఆల్బంలో నా పేరు వేయించమని అడిగితే, "నీ పేరెందుకయ్యా, పెళ్ళి నీదా?" అన్నాడు ఒకాయన. ఆయన చిల్లకల్లులో ఉంటాడు. ఇప్పటికీ ఎదురుపడితే నేను రోడ్డు దాటి అవతలి పక్కకు పోతాను.

అందుకని నాకు ఒక్క ఫోటో కావాలనిపించింది. ఎవరూ తియ్యమనని ఫోటో. అందులో మనిషి ఉండకూడదు. అది నా షో అద్దంలో వేలాడాలి, దాని కింద నా పేరు ఉండాలి. అంతే. విమానమే ఎందుకంటే, దాన్ని ఎవరూ పక్కకు జరిపి నవ్వమనలేరు.

విమానాల ఫోటోలు తీసేవాళ్ళ సంగతులు ఫోన్లో చూసేవాణ్ణి. ముందు ఫ్యాను తిరిగే పాతకాలపు విమానాలు అన్నిటికన్నా కష్టమని అక్కడే తెలిసింది. షట్టరు వేగం ఎక్కువ పెడితే ఫ్యాను రెక్కలు ఆగిపోయినట్టు పడతాయి. గాల్లో ఫ్యాను ఆగిన విమానం అంటే పడిపోతున్న విమానం. వేగం తగ్గిస్తే ఫ్యాను గుండ్రంగా, తెరలాగా పడుతుంది. కానీ అప్పుడు చెయ్యి కాస్త వణికినా విమానం మొత్తం అలుక్కుపోతుంది. విమానంతోపాటు మనమూ నడుము దగ్గర్నుంచి తిరగాలి, ఊపిరి బిగబట్టి. కుదిరిందా లేదా అన్నది విమానం ఒంటి మీద రాసిన అక్షరాలు చెబుతాయి. ఫ్యాను చెరిగిపోయి అక్షరాలు చెరగకుండా ఉంటే అదీ ఫోటో.

జగ్గయ్యపేటలో ఫ్యాను విమానాలెక్కడివి? చిల్లకల్లు దగ్గర హైవే పక్కన నిలబడి సిమెంటు లారీల మీద నేర్చుకున్నాను. టైర్లు తిరుగుతున్నట్టు పడాలి, నెంబరు ప్లేటు చదవటానికి రావాలి. రెండు నెలలు పొద్దున్నే వెళ్ళాను. డ్రైవర్లు నన్ను చూసి బ్రేకులు వేసేవాళ్ళు. ఒకడు లారీ పక్కకు ఆపి, కాగితాలన్నీ పట్టుకుని దిగొచ్చాడు.

"సార్, స్పీడు ఎంత కొట్టింది?"

"నేను పోలీసును కాదయ్యా. ఫోటోలు తీసుకుంటున్నా."

"లారీ ఫోటోనా? ఎందుకూ?"

"నేర్చుకోటానికి."

నన్ను కిందనుంచి పైదాకా చూశాడు. "ఈ వయసులోనా?" అని కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. మొహాన కాస్త పొగ కూడా వదిలాడు.

జనవరిలో షాపాయన ఫోన్ చేశాడు. హైదరాబాదులో విమానాల పెద్ద ప్రదర్శన. ఎక్కడెక్కడి విమానాలో ఎగిరొచ్చి ఒకచోట దిగుతాయి, కొన్ని వరసగా నిలబడతాయి, కొన్ని పైన విన్యాసాలు చేస్తాయి. అందులో పొలాల మీద మందు కొట్టే డ్రోన్ల స్టాల్ కూడా ఉందట. ఆ డ్రోన్ల కంపెనీవాళ్ళు డీలర్లకు పాసులు ఇచ్చారట.

"రెండు పాసులున్నయ్ స్టూడియో. నువ్వు విమానాలు విమానాలు అని తిరుగుతున్నావంటగా. పొద్దున్నే ఐదింటికి చిల్లకల్లు సెంటర్లో ఉండు, కారులో ఎక్కించుకుంటా. ఆ పెద్ద కెమెరా తెచ్చుకో."

నా విస్తరి గుర్తొచ్చింది. అయినా వస్తానన్నాను. ఫ్యాను విమానం కోసం ఒప్పుకున్నాను, ఆయన కోసం కాదు. విజయవాడ నుంచి పొడుగు లెన్సు అద్దెకు తెచ్చాను.

ఐదింటికి రమ్మన్న మనిషి ఆరున్నరకు వచ్చాడు. కారులోకి ఎక్కగానే పురుగుమందుల వాసన. ఆయన వెనక సీటంతా పరుచుకుని ఇడ్లీ పొట్లం విప్పుకుని తింటున్నాడు. నన్ను డ్రైవరు పక్కన కూర్చోమన్నాడు. తిన్నాక వేళ్ళు సీటు కవరుకు తుడిచాడు. పొట్లం అద్దంలోంచి విసిరితే గాలికి తిరిగొచ్చి నా లెన్సు సంచి మీద చట్నీ పడింది. "అరే," అన్నాడు, నవ్వుతూ. అంతే. సూర్యాపేట దాకా ఆ చట్నీ మరక తుడుస్తూనే ఉన్నాను. తరవాత ఆయన గురక మొదలుపెట్టాడు.

ప్రదర్శన గురించి చెప్పాలంటే ముందు జనం గురించి చెప్పాలి. విమానాల కంటే వాళ్ళే ఎక్కువ కనిపించారు. ఎండలో నిగనిగలాడుతూ ఒక తెల్లటి చిన్న విమానం నిలబడి ఉంది. దాని పొట్ట అద్దంలా మెరుస్తోంది. ముగ్గురు మొగాళ్ళు వరసగా నిలబడి ఆ పొట్టలో చూసుకుంటూ తల దువ్వుకుంటున్నారు. ఒకడి దువ్వెన అయ్యాక ఇంకొకడు అడిగి తీసుకున్నాడు. వెంట్రుకలు ఊది పక్కకు వదిలారు. ఇంకో విమానం చక్రం పక్కన ఎర్రగా ఉమ్మేసి ఉంది. అది ఎండి నల్లబడకముందే దాని మీద రెండో ఉమ్ము పడటం నా కళ్ళతో చూశాను. సమోసాలు తిన్న చేతులు ఫ్యాను రెక్కల మీద నూనె ముద్రలు వేశాయి. కట్టిన తాడు మీద ఒకాయన తువ్వాలు ఆరేశాడు. బిర్యానీ పొట్లాల వాసన, విమానం ఆయిలు వాసన కలిసిపోయాయి. నీళ్ళ పంపు దగ్గర కాళ్ళు కడుక్కుంటున్నవాళ్ళు కొందరు, పక్కనే అదే పంపు కింద నోరు పెట్టి తాగుతున్నవాళ్ళు కొందరు.

పైన నాలుగు విమానాలు ఒకదానికొకటి ఆనుకున్నట్టు తలకిందులుగా పోతున్నాయి. నా పక్కనున్నాయన ఒక చేత్తో ఫోన్ ఎత్తి పట్టుకుని, రెండో చేత్తో ముక్కు గిల్లుకుంటూ అడిగాడు.

"ఏవండీ, ఇయ్యి ఎప్పుడన్నా గుద్దుకుంటయ్యంటారా?"

"గుద్దుకోవండి."

"అబ్బే, ఊరికే. గుద్దుకుంటే వీడియో పనికొస్తది."

అక్కణ్ణుంచి జరిగాను. ఎక్కడికి జరిగినా అదే మనిషి, వేరే చొక్కాలో.

ఇక షాపాయన. డ్రోన్ల స్టాల్లో సంతకం పెట్టి, టోపీ ఒకటి తగిలించుకుని, కొత్త నల్లకళ్ళద్దాలు పెట్టుకుని వచ్చాడు.

"రా స్టూడియో. ఇక్కడొకటి."

తీశాను.

"ఇప్పుడు చెయ్యేసి ఒకటి."

ఎద్దు మూపురం మీద చెయ్యేసినట్టు విమానం మీద చెయ్యేశాడు. తీశాను.

"దీన్ని ఎక్కే నిచ్చెన మీద ఒకటి."

"ఎక్కకూడదని రాసుందండి."

"నేను ఎక్కట్లా, నిలబడుతున్నా. తియ్యి."

తీశాను. వరసలో ఎన్ని విమానాలున్నాయో అన్నిటి ముందూ తీశాను. పాసు ఆయనది మరి. ఆయన ఆ మాట నాకు మూడుసార్లు గుర్తుచేశాడు, రెండుసార్లు వేరేవాళ్ళ ముందు. "మన స్టూడియో ఇతను. పాపం విమానాలంటే పిచ్చి. నేనే పాసు ఇప్పించా," అని ఎవరో డీలరుతో చెప్పాడు. ఆ డీలరు నా పొడుగు లెన్సు చూసి, "ఛానెలా?" అన్నాడు. కాదన్నాను. "మరెందుకంత పెద్దది?" అన్నాడు. మధ్యాహ్నం డీలర్లకు గుడారంలో భోజనాలు పెట్టారు. నా పాసు డీలరుది కాదు, వెంట వచ్చినవాడిదని గుమ్మంలో ఆపారు. షాపాయన వెనక్కి తిరిగి, "నువ్వు బయట ఏదన్నా తినేసెయ్ స్టూడియో," అని లోపలికి పోయాడు. పద్దెనిమిదేళ్ళలో ఏమీ మారలేదు. బయట ఏమీ తినలేదు. ఆ పంపు నీళ్ళు తాగబుద్ధి కూడా కాలేదు.

మూడింటప్పుడు అది వచ్చింది. పసుపుపచ్చ విమానం, రెక్కలు ఒకదానిమీద ఒకటి రెండు వరసలు, ముందు చెక్క ఫ్యాను. నడిపేవాడి తల బయటికే కనిపిస్తోంది. మిగతావాటిలాగా చెవులు బద్దలుకొట్టకుండా, పాత మోటారు సైకిలులా టపటపమంటూ రన్‌వే మీదుగా తక్కువ ఎత్తులో వస్తోంది. నేను షట్టరు తగ్గించి, కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడ్డాను.

"స్టూడియో! ఇటు, ఇటు!" షాపాయన తాడు దగ్గర నిలబడి అరచెయ్యి పైకెత్తి పట్టుకున్నాడు. "నా చేతిలో పెట్టుకున్నట్టు రావాల. ఇప్పుడు తియ్యి, వస్తంది, వస్తంది!"

ఆయన వైపు తిరగలేదు. ఇన్నేళ్ళలో పని ఇచ్చిన పార్టీ పిలుస్తుంటే తిరగకపోవటం అదే మొదలు. ఊపిరి బిగబట్టి, నడుము దగ్గర్నుంచి విమానంతోపాటు తిరిగాను. చిల్లకల్లులో ఎన్ని లారీలకు తిరిగానో అలాగే. వేలు నొక్కుతూనే ఉన్నాను. అది దాటిపోయి చిన్నదయ్యాక ఊపిరి వదిలాను.

"పడిందా?" అన్నాడు షాపాయన.

"పడిందండి."

ఆయన అడిగింది ఆయన ఫోటో. నేను చెప్పింది నాది. అది అబద్ధమా అని చాలామంది అడిగారు. కాదు.

వెనక తెరలో చూశాను. ఇరవైలో పందొమ్మిది అలుక్కుపోయాయి. ఒకటి నిలబడింది. ఫ్యాను పల్చటి పొగతెరలా గుండ్రంగా, దాని వెనక పసుపు ఒంటి మీద నల్లటి అక్షరాలు ఒక్కొక్కటీ విడివిడిగా, అచ్చు పుస్తకంలోలాగా. మనిషి లేడు, తాడు లేదు, తువ్వాలు లేదు. నాకు కళ్ళు మండాయి. ఎండకేనేమో.

ఆ తరవాత నేను చేసిన తప్పు ఒకటుంది. అది దాచను. సాయంత్రం చిల్లకల్లులో దిగేటప్పుడు షాపాయన చెయ్యి చాపి, "కెమెరాలో కార్డు ఇచ్చిపో. కాపీ చేయించుకుని పంపిస్తా," అన్నాడు. పెళ్ళి అయ్యాక పార్టీ అడిగితే తీసినవన్నీ ఇచ్చెయ్యటం మా పనిలో అలవాటు. వాళ్ళు వాళ్ళకు కావలసినవి ఏరుకుంటారు. నా ఫోటో ఒక్కటి నా ఫోన్లోకి ఎక్కించుకుని, కార్డు తీసి ఆయన చేతిలో పెట్టాను. మనిషి లేని ఫోటో ఎవరికి కావాలి అనుకున్నాను.

విజయవాడలో మంచి కాగితం మీద ప్రింటు వేయించాను. నల్ల ఫ్రేము కట్టించాను. ఫిబ్రవరి మొదట్లో ఒక ఆదివారం షో అద్దంలోంచి ఒక పెళ్ళికూతుర్నీ ఇద్దరు పిల్లల్నీ దించేసి, మధ్యలో దాన్ని పెట్టాను. కింద పేరు చీటీ మాత్రం ఇంకా అంటించలేదు. పేరు మంచి అక్షరాల్లో రాయిద్దామని ఆగాను.

నాలుగు రోజులకు పాస్‌పోర్టు ఫోటోకు వచ్చినామె అద్దం ముందు ఆగింది.

"ఇది నందిగామ ఫ్లెక్సీలో బొమ్మ కదండీ?"

"ఏ ఫ్లెక్సీ?"

"సెంటర్లో కట్టారుగా, ఓణీల ఫంక్షన్‌ది. అందులోది చూసి మీరూ వేశారా?" ఇంకా దగ్గరికొచ్చి చూసింది. "అందులో ఇంకా నీటుగా ఉందండి. ఈ రాతలవీ లేవు. మీదాంట్లో ఫ్యాను చెదిరిపోయింది, చూసుకున్నట్టు లేరు."

ఆమె ఫోటో తీసి పంపాను. ఎలా తీశానో గుర్తులేదు. షట్టరు దించి నందిగామ బస్సెక్కాను.

సెంటర్లో, టీ కొట్టు పైన, గది గోడంత ఫ్లెక్సీ. షాపాయన మనవరాలి ఓణీల వేడుక. పైన దేవుళ్ళు. మధ్యలో పట్టు పరికిణీలో ఆ అమ్మాయి. ఎడమ పక్కన అమ్మాయికంటే పెద్దగా నల్లకళ్ళద్దాల షాపాయన, అరచెయ్యి ఎత్తి. కుడి పక్కన నా విమానం. నా విమానమని నాకు ఒక్కడికే తెలుస్తుంది. అది ఎడమ నుంచి కుడికి పోయిన విమానం, ఇక్కడ తిప్పేస్తే ఆయన వైపు వస్తోంది. ఒంటి మీద అక్షరాలు ఒక్కటీ లేవు, పసుపు పూసిన గడపలా నున్నగా ఉంది. అన్నిటికన్నా ముందు నా కంటపడింది ముక్కు దగ్గర. పొగతెరలాంటి నా ఫ్యాను లేదు. మూడు నల్లటి రెక్కలు ఆగిపోయి ఉన్నాయి. ఆ విమానం నిజంగా అలా వస్తుంటే ఇంకో క్షణంలో ఆ కుటుంబం మొత్తం మీద కూలుతుంది.

ఇలాంటి పని చెయ్యగలవాడు నందిగామలో ఒక్కడే. పదేళ్ళుగా నా పెళ్ళిళ్ళ ఆల్బమ్స్ డిజైన్ చేసేవాడు. రెండో వీధిలో మేడ మీద గది. నన్ను చూడగానే కుర్చీ తుడిచి వేశాడు.

"చూశారా అన్నా? ఎలా కుదిరింది?"

"ఫ్యాను ఏం చేశావ్?"

"అదా! రెక్కలు షేక్ అయినయ్ అన్నా. మీరు తొందర్లో తీసినట్టున్నారు. అదే మీ పేరుకు మాటొస్తదని నెట్లోంచి మంచి ఫ్యాను తెచ్చి అంటించా. అతుకు తెలియట్లా కదా?"

"అక్షరాలు?"

"అడ్డంగా ఉన్నయ్. కల్యాణమండపం బోర్డు పడితే తీసెయ్యమా? అట్నే తీసేశా."

"ఎందుకు తిప్పావ్?"

నాకు ఆల్బం పని తెలియదేమోనన్నట్టు జాలిగా చూశాడు. "అన్నా, పార్టీకి వీపు చూపిస్తే ఎలా కుదురుద్ది? ఎవరి బొమ్మైనా పార్టీ మొహం చూడాలిగా. మీరే నేర్పారు."

నేర్పిన మాట నిజమే. పెళ్ళికొడుకు తమ్ముడు అటు తిరిగి ఉంటే ఇటు తిప్పమని నేనే చెప్పాను, ఏళ్ళ క్రితం.

"ఆయన చేతిలో విమానం ఫోటో మీరు తీశారని, కార్డులో వెతకమని రోజంతా ఫోన్ అన్నా," అన్నాడు వాడు. "ఎంత వెతికినా లేదు. ఉత్త విమానం ఒకటే ఉంది. సరే, ఆయన్ని ఇక్కడికే పిలిచి చెయ్యెత్తించి ఒకటి తీసి, రెండూ కలిపేశా."

అంటే ఆ రోజు నేను ఆయన వైపు తిరగకపోవటమే దీనికంతటికీ మూలమని చెబుతున్నాడు. అలా చెప్పే హక్కు వాడికి లేదు.

షాపాయనకు ఫోన్ చేశాను. "ఫంక్షన్ హడావిడిలో ఉన్నా స్టూడియో, బట్టల షాపులో ఉన్నాం, తర్వాత మాట్లాడు," అని పెట్టేశాడు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు.

అప్పుడు పుస్తకాల షాపులో చెరగని నల్ల మార్కరు ఒకటి కొన్నాను. టీ కొట్టు దగ్గరికొచ్చి స్టూలు అడిగాను. ఫ్లెక్సీ అడుగున తెల్లటి పట్టీ ఒకటుంది. నల్ల రాత కనిపించేది అక్కడే. విమానానికి సరిగ్గా కింద, పట్టీ చివర ఖాళీ ఉంది. స్టూలెక్కి నా పేరు రాశాను. పక్కన జగ్గయ్యపేట అని రాశాను. ఫోటో తీసినవాడు అని వేరే రాయలేదు. ఫోటో కింద పేరుంటే తీసినవాడిదేగా, ఇంకేం రాయాలి?

టీ కొట్టాయన కిందనుంచి తలెత్తి చూస్తూ, "ఏంది సార్, ప్రింటులో మర్చిపోయారా మీ పేరు?" అన్నాడు.

"అవును. మర్చిపోయారు," అన్నాను.

"పెద్దోళ్ళు అంతే సార్. కావలసినోళ్ళనే మర్చిపోతారు. స్టూలు జాగ్రత్త."

మర్నాడు పొద్దున్నుంచే ఫోన్లు మొదలయ్యాయి. మొదట కంచికచర్ల నుంచి నా తోడల్లుడు. "ఏంటన్నయ్యా, వాళ్ళకి నువ్వెప్పుడు బంధువువయ్యావ్? చెప్పనేలేదే?" నాకు అర్థం కాలేదు. వాడు ఫ్లెక్సీ ఫోటో తీసి పంపాడు. అప్పుడు చదివాను. ఆ తెల్ల పట్టీ మొదట్లో పెద్ద అక్షరాలతో 'శుభాకాంక్షలతో' అని ఉంది. దాని వెనక వరసగా బావమరుదులు, వియ్యంకులు, ఎరువుల డీలర్లు. పన్నెండు పేర్లు. పదమూడోది నాది, చేత్తో రాసింది.

ఫ్లెక్సీ కింద పేరు ఎవరిదో మా వైపు పసిపిల్లలకు కూడా తెలుసు. మెచ్చుకునేవాడిది. నేను స్టూలెక్కి మరీ ఆయన్ని మెచ్చుకున్నాను.

మధ్యాహ్నం షాపాయన ఫోన్. అరుస్తాడనుకున్నాను. అరిస్తే బాగుండును.

"ఏవండీ..." అని నన్ను పేరు పెట్టి, చివర గారు తగిలించి పిలిచాడు. "మీ పేరు అదని ఇప్పుడే తెలిసిందండి. ఇన్నాళ్ళూ స్టూడియో, స్టూడియో అంటున్నా. మావాళ్ళు చూపిస్తే నాకు నోట మాట రాలా. సొంత బామ్మర్ది పేరు వెయ్యమంటే వెయ్యి సాకులు చెప్పాడు. మీరు జగ్గయ్యపేట నుంచి వచ్చి, స్టూలు వేసుకుని రాశారంట!"

"అది కాదండి. ఆ విమానం ఫోటో నేను తీసింది. తీసినవాడి పేరని..."

"మీరే తీశారు, ఎవరు కాదన్నారు? పాసు ఇప్పించింది నేనేగా. ఆదివారం రావాల మీరు. మీ మిసెస్సుతో సహా. మొదటి బంతిలో కూర్చోబెడతా, నా పక్కన. మిమ్మల్ని ఎవరు లేపుతారో చూస్తా."

లేపింది ఆయనేనన్న సంగతి ఆయనకు గుర్తే లేదు. పద్దెనిమిదేళ్ళు నేనొక్కణ్ణే మోశానన్నమాట.

మా ఆవిడ మొత్తం విన్నది. "పోయి తినొచ్చెయ్యండి. పద్దెనిమిదేళ్ళ నుంచి ఆ ముద్ద సంగతి చెబుతూనే ఉన్నారు. ఆయన పిలిచి పక్కన కూర్చోబెడతానంటున్నాడు, ఇంకేం కావాలి?"

"నా పేరు ఫోటో కింద కావాలన్నాను. ఆయన కింద కాదు."

"మీ అద్దంలో ఫోటో ఉందిగా. దాని కింద రాసుకోండి. ఎవరొద్దన్నారు?"

రాద్దామనే చీటీ తీశాను. అంతలో చిన్నపిల్లాడి పుట్టినరోజు ఫ్లెక్సీకని ఒక జంట వచ్చింది. అద్దంలో నా ఫోటో చూసి, "ఇది నందిగామ వాళ్ళదేగా. ఆ ఫ్యాను బాగున్నదే కావాలండి మాకు," అన్నారు. అదే నందిగామలో చేయించుకోమని పంపేశాను. చీటీ డ్రాయరులో పెట్టేశాను. ఇప్పుడు నా పేరు రాస్తే వేరేవాడి ఫ్లెక్సీ చూసి తీసుకున్నవాడి పేరు అవుతుంది.

ఆదివారం ఓణీల ఫంక్షన్‌కు వెళ్ళలేదు. ఆ పూట స్టూడియో తెరిచి, ఒంటిగంటకు కౌంటరు వెనక కూర్చుని పెరుగన్నం తిన్నాను. తినేదాకా ఎవరూ లేపలేదు.

మొన్న ఏప్రిల్లో ప్రింటు కాగితం కోసం విజయవాడ బస్సెక్కాను. నందిగామ సెంటర్లో ఫ్లెక్సీ లేదు, ఎవరో పట్టుకుపోయారు. అది మామూలే, కట్టెలూ పోతాయి, గుడ్డా పోతుంది. కంచికచర్ల దగ్గర బస్సు ఆగింది. రోడ్డు పక్క కల్లంలో మిర్చి రాశులు. వాన మబ్బు చూసి పట్టాలు కప్పుతున్నారు. ఒక రాశి మీద పట్టా చాలక, చివర ఫ్లెక్సీ ముక్క ఒకటి కప్పారు. దేవుళ్ళు, అమ్మాయి, నల్లకళ్ళద్దాలు అన్నీ మడతపడి రాశి కిందకు పోయాయి. నా వైపు కనిపిస్తున్నది కుడి చివర మాత్రమే. ఫ్యాను ఆగిన విమానం, ముక్కు నేలకేసి. గాలికి లేవకుండా దాని మీద గొర్రు అడ్డంగా పెట్టాడు ఒకాయన. కింద తెల్ల పట్టీ మీద, వానకీ ఎండకీ చెక్కుచెదరకుండా, నా పేరు. ఇంకెవరి పేరూ లేదు. ఇన్నేళ్ళుగా నేను అడిగినట్టే, మనిషి లేని ఫోటో కింద, ఒక్కటే పేరు.

కిటికీ దగ్గర నా పక్క సీటాయన మెడ చాచి చదివాడు. "జగ్గయ్యపేట అంట. మీరు ఎక్కింది జగ్గయ్యపేటలోనేగా? ఎవరండీ ఈయన? మీకు తెలుసా?"

ఆ రాశి మీంచి మిర్చి ఘాటు బస్సులోకి వచ్చి అందరూ తుమ్ముతున్నారు. నేనూ తుమ్మాను.

"తెలియదండి," అన్నాను.